మా రోడ్డు మీద సంఘం కట్టుకున్నాం

మా అమ్మ తూర్పు బెంగళూరులో ఒక రోడ్డు పక్కన ఆకుకూరలు అమ్ముతుంది. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నాన్న పోయాక నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని ఇక్కడికి వచ్చేసింది. ఆ రోడ్డు మీద కూర్చునే నన్ను బీకాం చదివించింది. ఇప్పుడు నేను మందుల డిస్ట్రిబ్యూటర్ ఒకరి దగ్గర లెక్కలు రాస్తాను. మిగతా టైమ్‌లో మా రోడ్డు వ్యాపారుల సంఘానికి రాతకోతలు చూస్తాను. ఆ సంఘం ఎలా కట్టుకున్నామో, ఏ పనికి ఎంత తిప్పలు పడ్డామో రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. బెంగళూరులో ఏ ఏరియాకి వెళ్లినా రోడ్డు పక్కన తెలుగు వినిపిస్తుంది. చిత్తూరు, అనంతపురం, హిందూపురం, కోలారు వైపు నుంచి వచ్చి పూలు, పళ్లు, కూరగాయలు అమ్ముకుని బతికేవాళ్లు ఎంతోమంది. వాళ్ల పిల్లలెవరైనా ఇది చదివితే, తమ రోడ్డు మీద పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలని నా ఆశ.

ఇదంతా ఎందుకు మొదలైందో ముందు చెప్పాలి. రేపు వరలక్ష్మీ వ్రతం అనగా రోడ్డంతా పూలు, అరటి పిలకలు, మామిడాకులు. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లచూసే రోజులు అవే. ఆ సాయంత్రం అధికారులు లారీ వేసుకుని వచ్చారు. నోటీసు లేదు. గంపలు, ట్రేలు, కాటాలు ఎత్తి లారీలో పడేశారు. మా అమ్మ వరసలో కూర్చునే పూల పెద్దమ్మ ఆ రోజు సరుకుకి రోజువడ్డీకి డబ్బు తెచ్చింది. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రానికి వెయ్యి వసూలు చేసుకునే వడ్డీ అది. పూలు పోయినా వెయ్యి కట్టాల్సిందే. మర్నాడు వెళ్లి అడిగితే ఫైన్ కట్టమన్నారు. కట్టినదానికి రసీదు ఇవ్వలేదు. కనకాంబరాలు మూటలోనే కుళ్లిపోయాయి. అమ్మ కాటా అసలు దొరకనే లేదు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా రెండు రోజులు తిట్టుకుని, అప్పు చేసి, మళ్లీ సరుకు తెచ్చుకోవడం మా రోడ్డు మీద అలవాటైపోయింది. ఈసారి ఇడ్లీ బండి అన్న ఊరుకోలేదు, ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. నగరంలోని వీధి వ్యాపారుల సంఘాల్లో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. ఒకప్పుడు కే.ఆర్. మార్కెట్ దగ్గర తనే బట్టలు పరుచుకుని అమ్మాడట. మేమంతా పెద్దాయన అంటాం. ఆయన ఏదో ఉపన్యాసం చెబుతాడనుకుని అందరూ చుట్టూ చేరారు. ఆయన టమాటా క్రేటు ఒకటి బోర్లించుకుని కూర్చుని, "ఈ రోడ్డు మీద ఎంతమంది కూర్చుంటారమ్మా?" అని అడిగాడు. ఒకరు అరవై అన్నారు, ఒకరు నూరు అన్నారు. "ముందు అది తేల్చండి, తర్వాత మాట్లాడుకుందాం" అని టీ తాగి వెళ్లిపోయాడు.

అలా మేం చేసిన మొదటి పని రోడ్డు పటం గీయడం. బట్టల షాపు వాళ్లిచ్చిన పెద్ద క్యాలెండర్ పాత కాగితాలు తిరగేసి అతికించాం. ఒక చివర బస్ స్టాప్, ఇంకో చివర మునేశ్వర గుడి. మధ్యలో రావిచెట్టు, ట్రాన్స్‌ఫార్మర్, బేకరీ, మందుల షాపు, ఎవరూ ఇల్లు కట్టని ఖాళీ సైటు. ఒక్కొక్కరూ వచ్చి తమ చోటు వేలితో చూపిస్తుంటే నేను పెన్సిల్‌తో గడి గీసి, లోపల పేరు, అమ్మే సరుకు, కూర్చునే వేళ రాశాను. ఆ పని చేస్తుంటేనే తెలిసింది, పొద్దున ఆరు నుంచి పది దాకా అక్కడుండే మనుషులు వేరు, సాయంత్రం ఐదు తర్వాత ఉండే మనుషులు వేరు అని. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పొద్దున ఇడ్లీ బండి, సాయంత్రం ఎగ్ రైస్ బండి. ఒకే చోటు, ఇద్దరు యజమానులు. ఏళ్లుగా ఒకరు ఊడ్చి వెళ్తే ఇంకొకరు వచ్చి నిలబడుతున్నారు, ఎప్పుడూ మాట తేడా రాలేదు. మధ్యాహ్నం చెప్పులు కుట్టే తాత, గొడుగులు బాగుచేసే భాయ్ తప్ప ఎవరూ ఉండరు.

నెత్తిన గంప పెట్టుకుని వీధులు తిరిగే ఆడవాళ్లకి గడి ఎక్కడ గీయాలో నాకు తోచలేదు. వాళ్లు కూడా "మాకు బండి లేదు, చోటు లేదు, మేమెందుకులే" అని పక్కకి తప్పుకున్నారు. తిరుగుతూ అమ్మేవాళ్లని కూడా 2014 వీధి వ్యాపారుల చట్టం వీధి వ్యాపారులుగానే లెక్కేస్తుందని పెద్దాయన చెప్పాక, వాళ్లు తిరిగే దారిని పటం మీద గీతగా గీసి, గీత పక్కన పేర్లు రాశాం. ఆ గీతల కోసమే కాగితం అంచుకి ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది.

అసలు చిక్కు పేర్ల దగ్గర వచ్చింది. పళ్ల బండి దగ్గర పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడేది ఒక అక్క. పేరు రాయించడానికి వచ్చింది మాత్రం ఆమె భర్త. ఆయనకి వేరే డ్రైవర్ ఉద్యోగం ఉంది. బండి తను కొన్నాడు కాబట్టి పేరు తనదే ఉండాలంటాడు. ఇలాంటి ఇళ్లు మా రోడ్డు మీద చాలా ఉన్నాయి. చట్టంలో ఐదో సెక్షన్ తీసి చదివాను. వీధిలో అమ్ముకోవడానికి సర్టిఫికెట్ తీసుకునే మనిషి మూడు సంగతులు రాసివ్వాలి. వ్యాపారం తనే గానీ తన ఇంట్లోవాళ్లు గానీ చేసుకోవాలి, బతకడానికి వేరే ఆధారం ఉండకూడదు, ఆ చోటునీ సర్టిఫికెట్‌నీ ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. ఉద్యోగం ఉన్న భర్త పేరు రాస్తే రేపు ఆ కారణం చూపించి చోటే తీసేయొచ్చు. ఇది చెబితే ఆయన మొహం ముడుచుకున్నాడు. "పొద్దున్నుంచి ఎండలో నిలబడేది అది. దాని పేరు రాస్తే నీకేం పోతుందిరా?" అని పూల పెద్దమ్మ గట్టిగానే అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి నేను ఆఫీసుకి వెళ్తుంటే అక్క ఆపి, "పాపా, నా పేరే రాయి. ఆయనతో నేను చెప్పుకుంటాను" అంది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు కూర్చుంటే వాళ్ల పేరు. చివరికి లిస్టులో ఆడవాళ్ల పేర్లే ఎక్కువ వచ్చాయి. సంఘం పనుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే. రోడ్డు మీద బేరం చేసేది ఆడమనిషి అని కొనేవాళ్లందరికీ తెలుసు, కాగితం మీదికి వచ్చేసరికి ఆమె మాయమైపోతుంది. కొత్తగా సంఘం పెట్టేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే, లిస్టు తొందరపడి రాయొద్దు. ఒక్కో పేరు దగ్గర ఆగి, అక్కడ నిజంగా కూర్చునేది ఎవరో అడగండి.

మీటింగ్ ఎప్పుడు పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. రాత్రి పెడితే కుదరదు, తెల్లవారుజామున మూడున్నరకి లేచి మార్కెట్‌కి వెళ్లే మనుషులు. ఆదివారం పెడితే బేరం పోతుంది. బేరాల్లేని వేళ అని మధ్యాహ్నం రెండున్నరకి గుడి వెనక కూర్చోవడం మొదలుపెట్టాం. నేను ఆఫీసులో పర్మిషన్ తీసుకుని వచ్చేదాన్ని. తెలుగు, కన్నడ, తమిళం మా రోడ్డు మీద అందరికీ అంతో ఇంతో వచ్చు. పానీపూరీ అమ్మే బిహార్ కుర్రాళ్ల దగ్గరే తకరారు వచ్చింది. "వాళ్లు నిన్న మొన్న వచ్చారు, వాళ్లని చేర్చుకుంటే మన చోట్లు పోతాయి" అని కొందరు పట్టుబట్టారు. దీని మీద వాదన చాలాసేపు నడిచింది. చెప్పులు కుట్టే తాత కోలారు గనులు మూతపడ్డాక బెంగళూరు వచ్చినాయన. "2001లో నేను వచ్చినప్పుడు నన్ను కూడా ఇక్కడ ఎవరూ రమ్మనలేదు. ఆ చెట్టు కింద కూర్చోనిచ్చింది ఒక తమిళ ముసలమ్మ" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ కుర్రాళ్లే ఇప్పుడు ఫోన్‌లో ఫారాలు నింపడంలో నాకు సాయం చేస్తున్నారు.

చట్టం చదివింది ఆ మీటింగుల్లోనే. వీధి వ్యాపారం మీద మనకున్నది దయ కాదు, హక్కు. 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఆ మాట చెప్పింది. రాజ్యాంగం 19(1)(జి) అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలోకి ఇది కూడా వస్తుంది, రాకపోకలకి ఇబ్బంది లేకుండా ప్రభుత్వం నియంత్రించవచ్చు అని. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ఆ ఏడాది మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మూడో సెక్షన్ ప్రకారం సర్వే పూర్తిచేసి, తేలిన వాళ్లందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపడానికి వీల్లేదు. 18వ సెక్షన్ ప్రకారం ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 19వ సెక్షన్ సరుకు పట్టుకోవడం గురించి. పట్టుకున్న ప్రతి వస్తువూ జాబితా రాసి, సంతకం పెట్టి, నకలు చేతికివ్వాలి. పూలు, కూరగాయల్లాంటి పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. మిగతావి రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

నేను ఇది చదివినప్పుడు పూల పెద్దమ్మ "ఈ చట్టం ఎప్పుడొచ్చిందే?" అని అడిగింది. చెప్పాను. "అంటే నా పూలు పోయిన ప్రతిసారీ ఇది ఉందా?" అంది. ఉంది పెద్దమ్మా అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు గానీ, ఆ కాగితం తనకొకటి కావాలంది. ఆమెకి చదువు రాదు. అయినా కావాలంది. ఆమె అడిగిందని అందరికీ చేయించాం. ఒకవైపు 19వ సెక్షన్ కన్నడంలో, రెండోవైపు దాని సారాంశం తెలుగులో. లామినేషన్ చేయించి, మూలన చిల్లు పెట్టి, పురికొసతో ప్రతి బండికీ, ప్రతి గంపకీ కట్టాం.

సంఘానికి నెలకి ఇరవై రూపాయలు చందా పెట్టుకున్నాం. అంతకుముందు రోజుకింత అని ఎవరెవరికో మామూళ్లు పోయేవి, వాటికి లెక్కా పత్రం లేదు. ఈ ఇరవైకి మాత్రం రసీదు ఉంటుంది, నెలాఖరున ఖర్చుల చిట్టా బేకరీ పక్క గోడకి అంటిస్తాం. అంతా కలిపి చాలా చిన్న మొత్తం. కానీ తన డబ్బుకి రసీదు చేతికొచ్చిన మనిషి మీటింగ్‌లో నోరు తెరిచి అడుగుతాడు, అది నేను కళ్లారా చూశాను. ఒక పార్టీ మనిషి వచ్చి తన జెండా కింద ఉంటే లారీ రాకుండా చూసుకుంటానన్నాడు. అందరం కూర్చుని ఆలోచించి, ఎవరి జెండా వద్దు, ఎవరు గెలిచినా వెళ్లి అడిగేలా ఉండాలి అని తేల్చుకున్నాం. "మీకు యజమాని అంటూ ఎవరూ లేరు కదా, యూనియన్ ఎలా పెడతారు?" అని చదువుకున్నవాళ్లే అడిగారు. అహ్మదాబాద్‌లో ఇళా భట్‌కి కూడా సొంతంగా పని చేసుకు బతికే ఆడవాళ్ల సంఘం 'సేవా'ని రిజిస్టర్ చేయించే దగ్గర ఇదే అడ్డంకి వచ్చింది. యజమాని మీద పోరాడడానికే సంఘం అక్కర్లేదు, పనివాళ్లు ఒకటి కావడానికి కూడా సంఘం కావాలని వాదించి 1972లో రిజిస్టర్ చేయించుకున్నారు. మేం విడిగా రిజిస్ట్రేషన్ పెట్టుకోలేదు, నగరమంతా ఉన్న సమాఖ్యలో ఒక రోడ్డుగా చేరాం.

అపార్ట్‌మెంట్ల వాళ్లతో మాట్లాడడం మాత్రం నాకు చాలా టెన్షన్‌గా అనిపించింది. లారీ వచ్చింది ఈ అపార్ట్‌మెంట్ల వాళ్ల ఫిర్యాదు మీదేనని అందరికీ తెలుసు. అమ్మ దగ్గర కొత్తిమీర కొనే తెలుగువాళ్లు కూడా ఆ ఫిర్యాదు మీద సంతకం పెట్టారు. కోపంతో వెళ్తే పని కాదని, ముందు వాళ్లు చెప్పేది విందామని వెళ్లాం. వాకర్ పట్టుకుని నడిచే ఒక పెద్దావిడ, "నేను ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీద నడవాల్సి వస్తోంది. బైకులు నన్ను గుద్దుకుంటూ పోతున్నాయి. మీ అమ్మ వయసే నాది" అంది. ఆవిడ చెప్పింది నిజం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ మీద మనుషులు నడవడానికి కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి. టేపు తీసుకుని రోడ్డు పొడుగునా కొలిచాం. రావిచెట్టు దగ్గర, బస్ స్టాప్ దగ్గర బండి నిలబడితే ఆ దారి మిగలదు. ఆ బండ్లని ఖాళీ సైటు గోడ వారకి జరపాలని తీర్మానించాం. బస్ స్టాప్ చోటు అంటే మంచి బేరం. అది వదులుకోనని ఒకతను సంఘం నుంచే వెళ్లిపోయాడు. మిగతావాళ్లు జరిగారు. సుద్దతో గీత గీశాం, వాన వచ్చినప్పుడల్లా మళ్లీ గీస్తున్నాం. అపార్ట్‌మెంట్ సంఘంలో అందరూ మారలేదు. ఆ పెద్దావిడ మాత్రం, నడవడానికి దారి ఉంది, వ్యాపారులు ఉండడానికి నాకు అభ్యంతరం లేదు అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది. మా ఫైల్‌లో ఆ కాగితాన్ని మించిన సాక్ష్యం లేదు.

ఈలోపు సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెట్టాం. మా రోడ్డుని నో వెండింగ్ జోన్‌గా, అంటే అమ్మకూడని చోటుగా ఎప్పుడైనా ప్రకటించారా, ప్రకటిస్తే ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి. అంతే. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేయాలి. కర్ణాటకలో ఒక అర్జీలో ఒకే విషయం అడగాలి, 150 మాటలు దాటకూడదు. తెలియక కథంతా రాస్తే తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు. మాకు వచ్చిన జవాబు ఆలస్యంగానే వచ్చింది గానీ, అలాంటి ఉత్తర్వు ఏదీ లేదని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని కూడా నకళ్లు తీయించి పెట్టుకున్నాం. ఇంకో జాగ్రత్త, ఏ ఆఫీసులో ఏ అర్జీ ఇచ్చినా మన నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. 2020 సెప్టెంబరులో నగరపాలిక కౌన్సిల్ కాలం ముగిశాక ఏళ్ల తరబడి నగరంలో కార్పొరేటర్లే లేరు. పోయి అడగడానికి మనం ఎన్నుకున్న మనిషి లేనప్పుడు చేతిలో ముద్ర ఉన్న కాగితమే దిక్కు.

లారీ మళ్లీ వచ్చింది. ఈసారి దసరా ముందు. అది ఆగిన చోట మొదట ఉన్నది పూల పెద్దమ్మ. గంప మీద చెయ్యి వేసిన మనిషికి ఆమె పురికొసతో సహా ఆ కాగితం విప్పి చూపించింది. "ఇది చదువు నాయనా, చదివి జాబితా రాసి తీసుకుపో" అంది. నేను ఆఫీసులో ఉన్నాను, తర్వాత అందరూ ఒక్కటే చెప్పారు, ఆమె గొంతు ఏమాత్రం పెంచలేదని. అప్పటికే రోడ్డు రెండు చివర్ల నుంచీ మనుషులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ లారీకి అడ్డం పడలేదు, ఎవరూ ఒక్క మాట జారలేదు. ముందే అలా అనుకున్నాం. ఇడ్లీ అన్న తమ్ముడు ఫోన్‌లో వీడియో తీశాడు. అధికారి కాసేపు ఎవరికో ఫోన్ చేసి మాట్లాడాడు. చివరికి మూడు ట్రేలు, ఒక కాటా, ఒక టార్పాలిన్ పట్ట మాత్రం ఎక్కించుకున్నారు, అవి కూడా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాకే. ఆ కాగితం పట్టుకుని పదిమంది వెళ్లి అదే రోజు సాయంత్రం టమాటాల ట్రేలు తెచ్చుకున్నారు. కాటా, పట్ట తర్వాత వచ్చాయి. లామినేషన్ కాగితం ఒక్కటే పని చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పటం గీసిన రోజుల్లో ఒకరి పేరు ఒకరికి తెలిసింది, ఆ రోజు పరిగెత్తుకొచ్చింది అందుకే.

మా రోడ్డు ఊడ్చే పౌరకార్మికులు కూడా ఎక్కువమంది తెలుగువాళ్లే. మొదట్లో వాళ్లకీ మాకూ చెత్త దగ్గర రోజూ గొడవ. ఇప్పుడు ప్రతి బండి కిందా ఒక సంచి ఉంటుంది, తడి చెత్త వేరుగా కట్టి ఇస్తాం. కాంట్రాక్టు పద్ధతి మీద వాళ్లు ఏళ్లకేళ్లు పోరాడారు. 2025 మే డే నాడు బెంగళూరులో 12,692 మందికి పర్మనెంట్ నియామక పత్రాలు అందాయి. మా రోడ్డు అక్క ఒకామె ఆ పత్రం తెచ్చి బండి బండికీ చూపించింది. అంతకుముందు ఫ్రీడమ్ పార్క్‌లో ధర్నాకి రమ్మంటే "మనం వెళ్లి అరిస్తే ఏమొస్తుంది" అన్నవాళ్లు ఆ తర్వాత ఆ మాట అనలేదు.

సర్వే విషయం కొత్తవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. ఒక ఊళ్లో జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకి చోటు చూపించాలని 2014 చట్టం అంటుంది. 2011 లెక్కల్లో బెంగళూరు నగరపాలిక జనాభా 84 లక్షలు, అంటే 2 లక్షల మందికి పైనే. 2017 సర్వేలో తేలింది పాతిక వేల దరిదాపు. మిగతావాళ్లు ఎక్కడికి పోయారు? మా రోడ్డు చూస్తే తెలుస్తుంది. సర్వే మనిషి మధ్యాహ్నం వస్తే పొద్దుటివాళ్లూ సాయంత్రంవాళ్లూ ఇద్దరూ ఉండరు. జాతరకి ఊరెళ్లినవాళ్లు ఉండరు. గంప మోసేవాళ్లు ఏ వీధిలో ఉంటారో తెలియదు. ఆధార్‌లో ఆంధ్ర అడ్రస్ ఉందని భయపడి కొందరు తామే దాక్కున్నారు. మా దగ్గర పటం ఉంది కాబట్టి, వచ్చిన మనిషికి నకలు ఇచ్చి, ఎవరెవరు ఏ వేళకి ఉంటారో చూపించి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మళ్లీ రప్పించాం. తప్పిపోయినవాళ్ల పేర్లతో అర్జీ పెట్టాం, ముద్ర వేయించుకున్నాం. ఇంకా కొందరి కార్డులు రాలేదు. తిరుగుతూనే ఉన్నాం.

2025 సెప్టెంబరులో పాత నగరపాలిక బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వార్డులు 369 అయ్యాయి. ఎక్కడ అమ్ముకోవచ్చు, ఎక్కడ వద్దు అన్నది తేల్చడంలో టౌన్ వెండింగ్ కమిటీల మాట చట్టప్రకారం తప్పనిసరి. ఆ కమిటీల్లో 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. కొత్త కార్పొరేషన్లలో ఈ ఎన్నికలు సరిగ్గా జరిపించుకోవడం మీదే ఇప్పుడు మా దృష్టంతా.

ఆ కమిటీలో కూర్చున్న ఆడమనిషి మొదట ఏం అడగాలని మీటింగ్‌లో అడిగాను. సర్టిఫికెట్లు, చోట్లు అంటారనుకున్నాను. అందరూ టాయిలెట్ అన్నారు. అమ్మ తెల్లవారుజామున ఇంట్లో నుంచి బయల్దేరితే మధ్యాహ్నం దాకా నీళ్లు తాగదు. ఎండాకాలంలో కూడా తాగదు. ఎక్కువమంది ఆడవాళ్ల పరిస్థితి ఇదే, కొందరికి ఎప్పుడూ మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు. బేకరీవాళ్లు ఒకరిద్దరిని రానిస్తారు, అందరినీ రానివ్వలేరు. కాబట్టి మా కొత్త అర్జీలో మొదటి డిమాండ్ ఖాళీ సైటు పక్కన ఆడవాళ్లకి టాయిలెట్, తాగునీటి కుళాయి. తర్వాతే లైట్లు, చోట్ల గీతలు.

కమిటీకి మా వైపు నుంచి ఎవరిని నిలబెట్టాలో వచ్చే మీటింగ్‌లో తేల్చుకోవాలి. పళ్ల బండి అక్క పేరు నేను ప్రతిపాదిస్తాను. ఆమెతో ముందే మాట్లాడాను, కన్నడంలో మాట్లాడడం బాగా వచ్చు, చదవడం నేర్చుకుంటోంది.